సింగరాయకొండలో డెలివరీ

పొద్దున ఏడింటికి మా అమ్మాయి కరుణకు ఫోన్ చేస్తే, దాని గదిలో ఉండే పిల్ల ఎత్తింది. "ఈ ఫోన్ ఇక్కడే పెట్టి డెలివరీకి వెళ్ళింది ఆంటీ. సాయంత్రానికి అయిపోతుందిలెండి" అని పెట్టేసింది.

కరుణకు పెళ్ళి కాలేదు. ఎమ్మెస్సీ చదివింది. సింగరాయకొండలో ఏదో కంపెనీ ల్యాబులో ఉద్యోగమంది. పోయినేడు మిరపకోతలప్పట్నుంచి ఇంటి మొహం చూడలేదు. గోడ మీద ఫొటోలో దాని నాన్న. ఆయన వైపు చూడలేకపోయాను. మళ్ళీ ఫోన్ చేసి ఆ పిల్లను ఏమని అడగను? నా చీరల్లోకెల్లా మెత్తబడిన నూలుచీర, బాలింతకు పెట్టే కాయం, సొంఠిపొడి సంచిలో వేసుకుని బయల్దేరాను.

ప్రత్తిపాడులో ఎనిమిదింటికి గుంటూరు బస్సు. ఆడవాళ్ళకు సున్నా టికెట్టు కాబట్టి చోటు దొరకదు, వెళ్ళేవాళ్ళు ముందే వచ్చి నిలబడండి. దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలు. పత్తి లారీ ఒకటి ముందు పోతుంటే దూది పింజలు కిటికీలోంచి వచ్చి ఒళ్ళో వాలాయి. దులపబుద్ధి కాలేదు.

గుంటూరులో రైలెక్కి, తెనాలిలో బండి మారాను. పదకొండు దాటాక ఎక్కిన పాసింజరులో ఎదురుగా చీరాల ఆవిడ కూర్చుంది. నా సంచిలో చీర చూసి, "మనవడికా?" అంది.

"మా అమ్మాయికి డెలివరీ" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"తొలిచూలా? అల్లుడేం చేస్తాడు?"

నేను కిటికీలోంచి చూశాను.

"ఇంకా పాతచీరలేంటి వదినా. మా కోడలు ఫోనులో నొక్కుతుంది, ఏ దేశానివో డైపర్లు గుమ్మంలోకొస్తాయి. నన్ను పిల్లాణ్ణి ముట్టుకోనిస్తే ఒట్టు" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ ఇచ్చిన పులిహోర తిన్నాను.

బాపట్ల దాటాక కునుకు పట్టింది. కలలో కల్లమంతా ఎర్రచీర పరిచినట్టుంది, మధ్యలో దూదికుప్ప. దానిలో బిడ్డ. మొహం కనిపించలేదు, బరువు మాత్రం ఒళ్ళో తెలిసింది. మెలకువ వచ్చేసరికి కోపం ఎక్కడో దిగిపోయింది. ఒంగోలు వచ్చేలోపు నిర్ణయం అయిపోయింది. ఎవడు తండ్రని అడగను. బిడ్డను నేను తీసుకుపోతాను. ఊళ్ళో అనేవాళ్ళు అననీ. ఆడపిల్లయితే మా అమ్మ పేరు పెడతాను, రాహేలు.

మూడింటికి సింగరాయకొండలో దిగాను. ఆటో అతను, "ఏ ఆసుపత్రమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? అంతలో స్టేషను రోడ్డు మీద స్కూటరు వచ్చింది. వెనక పెద్ద సంచి, దాని మీద పార్సిళ్ళు. నడిపేది మా కరుణ.

రోడ్డుకు అడ్డం పడ్డాను. "ఏమే, పచ్చి బాలింతవి, బండెక్కుతావా? బిడ్డేదే?"

కరుణ నా మొహం చూసింది, సంచి చూసింది. "ఏ బిడ్డమ్మా?"

"డెలివరీకి వెళ్ళావందిగా ఆ పిల్ల!"

అది బండి స్టాండు వేసి రోడ్డు పక్కన కూలబడి నవ్వింది. ఆటో అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అది ఏడ్చింది. "ల్యాబువాళ్ళు ఇంకా పిలవలేదమ్మా. ఈ డెలివరీ పనిలో ఉన్న మాలో ఇద్దరం ఎమ్మెస్సీలు, మిగతావాళ్ళు బీటెక్కులు. నీకెట్లా చెప్పను?"

"ఇంటికి రా."

"వచ్చి? నీ పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీయనా?"

మిగిలిన పార్సిళ్ళకు వెనక కూర్చుని నేనూ తిరిగాను. చెప్పులు, ఫోను తొడుగులు, ఊరు పేరు తెలియని సబ్బులు. ఒకటి ఒళ్ళో పెట్టుకోగానే తుమ్మొచ్చింది. కారం. మిరపతోటల పక్కనున్న ఇంటికి కారం పొట్లం పోతోంది. ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో, వాసన మాత్రం మా కాయదే.

మర్నాడు పొద్దున కరుణ నన్ను రైలెక్కించడానికి వస్తే, నూలుచీర సగానికి చింపి, దుమ్ము పడకుండా దాని మొహానికి చుట్టాను. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఊళ్ళో అడిగితే ఏమని చెప్పనే?"

"డెలివరీలో ఉందని చెప్పు" అంది గుడ్డ వెనకనుంచి.

రైలు కదిలాక చీరాల దాకా నవ్వుకున్నాను. బాపట్ల దగ్గర, నిన్న కల వచ్చిన చోట, చేతులు వాటంతటవే ఒళ్ళో దొన్నెలా చేరాయి. సంచిలో మిగిలిన సగం చీర తీసి అక్కడ పెట్టుకున్నాను. ఒక్క పూట పెరిగిన పిల్ల రాహేలు. గుంటూరు వచ్చేదాకా ఒళ్ళోనే ఉంది.