నెమలి మెడ దగ్గర ఆకుపచ్చ గడి

దయ్యాలను నమ్మేంత తీరిక నాకు ఎప్పుడూ లేదు. పదేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతున్నాను. పక్కింటామె ఒంట్లోకి అమ్మవారు వచ్చిందని ఊగుతుంటే చెంబెడు చన్నీళ్లు చల్లి ఇంటికి పంపిన మనిషిని. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అందుకే ఇది రాయడానికి చాలా రోజులు పట్టింది. తప్పులు మా కోడలు దిద్దింది. జరిగిన సంగతిలో మాత్రం ఒక్క ముక్క మార్చనివ్వలేదు.

మాది సోలాపూర్. బీడీ కార్మికుల కోసం కట్టిన విడీ ఘర్కుల్‌లో రెండు గదుల ఇల్లు. నాకు ఇద్దరు కొడుకులు, అంబాదాస్, శ్రీనివాస్. అశోక్ చౌక్ దగ్గర కిరాయి షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఇద్దరూ కలిసి నడిపేవారు. మేం చద్దర్లనే దుప్పట్ల మీద పువ్వులు, పక్షులు గీసేది పెద్దవాడు అంబాదాస్. మూడేళ్ల కిందట జ్వరంతో ఆసుపత్రిలో చేరి, తొమ్మిదో రోజు పోయాడు. వాడి భార్య లక్ష్మి నా దగ్గరే ఉంటుంది. నాతోపాటు బీడీలు చుడుతుంది.

డిజైన్ గీసేది గళ్ల కాగితం మీద. ఒక గడి అంటే ఒక పోగు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గానికి ఎక్కిస్తేనే నెమలి అయినా పువ్వు అయినా బట్టలోకి వస్తుంది.

చివరి ఏడాది అంబాదాస్ కాగితం మానేసి ఫోనులో షీట్ మొదలుపెట్టాడు. అదీ గళ్ల కాగితమే. కానీ ఎవరి ఫోనులోనూ ఉండదట, క్లౌడ్‌లో ఉంటుందట. పేరు చేర్చినవాళ్లంతా ఎక్కడివాళ్లు అక్కడే తెరిచి, ఒకేసారి రంగులు నింపవచ్చు. ఎవరు ఏ గడి మీద ఉన్నారో దాని చుట్టూ రంగు గీత వచ్చి, పైన పేరు కనపడుతుంది. లక్ష్మిది గులాబీ, శ్రీనివాస్‌ది పసుపు, అంబాదాస్‌ది ఆకుపచ్చ.

"క్లౌడ్ అంటే మబ్బే గదరా? వానొస్తే తడుస్తదేమో" అన్నాను.

"నీ ట్రంకుపెట్టె కన్నా భద్రమమ్మా. ఫోను పగిలినా షీట్ పగలది" అని నవ్వాడు.

వాడికి ఇంకో అలవాటు ఉండేది. ప్రతి డిజైన్‌లో ఒక గడి కావాలని తప్పు వేసేవాడు. అంతా అయిపోయాక, అన్నింటికన్నా చివర, ఎవరి కంటికీ ఆనని చోట ఒక్క ఎర్ర గడి. పసిపిల్ల బుగ్గ మీద పెట్టే దిష్టిచుక్క లాంటిది. అది వాడికి చిన్నప్పుడు నేర్పింది నేనే.

ఇప్పుడు నా తప్పులు చెప్పుకోవాలి. అంబాదాస్ సొంతంగా గీసిన మొదటి డిజైన్ నెమలి చద్దర్. మొదటిది నేసి నాకే కప్పాడు. ఏళ్ల తరబడి కప్పుకున్నాక నడుమ చిరిగింది. పారేయడానికి చేతులు రాలేదు. చిరిగిన నడుమ భాగం కోసి మసిగుడ్డలు చేసుకుని, ఆ చోట పాత టవల్ ముక్క వేసి కుట్టాను. వాడు పోయాక, షెడ్డులో మూలన పడి ఉన్న నెమలి అట్టలు ఎలుకలు కొడుతున్నాయని పాత సామాన్లు కొనే భంగార్‌వాడికి వేసేశాను. ఆ డిజైన్‌నే వాడు షీట్‌లోకి ఎక్కిస్తూ, అంచులు మాత్రం పూర్తిచేసి మంచాన పడ్డాడని నాకు తెలియదు.

నిరుడు శ్రీనివాస్‌కు ఆర్డర్లు లేకుండా పోయాయి. మగ్గాలు నెలల తరబడి ఆగి ఉన్నాయి. చివరికి సోమవారం వచ్చి విప్పుకుపొమ్మని భంగార్‌వాడికి మాట ఇచ్చాడు. ఆ వారమంతా వాడు సరిగ్గా తినలేదు. ఒకరోజు పళ్లెం జరిపి అన్నాడు: "మగ్గాలు పోయినంక నేనుండి ఏం జేయాలమ్మా?"

ఆ మాట విన్నప్పటి నుంచి వాడు షెడ్డుకు పోతే గంటకోసారి ఫోను చేయించేదాన్ని. ఎత్తేదాకా బీడీ ఆకు ముట్టేదాన్ని కాదు.

బుధవారం ఒక పాత వ్యాపారి ఫోను చేశాడు. మీ అన్న గీసిన నెమలి చద్దర్ కావాలి, శనివారం సాయంత్రానికి డిజైన్ చూపిస్తే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. శ్రీనివాస్ పరుగెత్తుకొచ్చి ట్రంకుపెట్టెలోంచి చద్దర్ తీశాడు. నడుమ టవల్ ముక్క చూసి అక్కడే కూలబడ్డాడు.

"నడుమ ముక్కేదమ్మా?"

"మసిగుడ్డ జేసిన. మాసి చినిగిపోయినయ్."

"అట్టలు?"

"భంగార్‌కు వేసిన." వాడు నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

లక్ష్మి షీట్ తెరిచింది. చద్దర్ మిగిలినంత వరకు పోగులు లెక్కపెట్టి ఆమె ఇక్కడ, చద్దర్ ఫోటోలు చూసి శ్రీనివాస్ షెడ్డులో నింపుతూ వచ్చారు. నెమలి తోక వచ్చింది, తల వచ్చింది. మెడ నుంచి కాళ్ల దాకా నలభై వరసలు తెల్లగా మిగిలాయి. శ్రీనివాస్ ఊహించి నింపాడు, చెరిపాడు, మళ్లీ నింపాడు. నెమలి కాదు, బాతు వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటల వేళ. తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో ఎండ. నేనూ లక్ష్మీ ఎదురెదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నాం. షీట్ తెరిచి ఉన్న ఫోను మా ఇద్దరి నడుమ, బీడీల్లో నింపే తంబాకు డబ్బాకు ఆనించి ఉంది. అది మోగింది, లక్ష్మి స్పీకర్ పెట్టింది. శ్రీనివాస్.

"వదినా, మెడ మస్తు కుదురుతున్నది. గని అన్న పేరు మీద ఎందుకు నింపుతున్నవ్?"

"నేనేం నింపుతలేనయ్యా. నా చేతుల ఆకున్నది."

"మజాక్ జేయకు వదినా. ఇప్పుడు సుత నడుస్తున్నది గద!"

ఇద్దరం ఫోను వైపు వంగి చూశాం. తెల్లగా ఉన్న చోట ఆకుపచ్చ గడి కదులుతోంది. పైన తెలుగులో వాడి పేరు. ఎడమ నుంచి కుడికి ఒక్కో గడి నీలం అవుతూ పోతోంది. వరస చివరకు వచ్చాక ఒక్క క్షణం ఆగి, కింది వరసకు దిగుతోంది. అంబాదాస్ అంతే, వరస అయ్యాక వేళ్లు విరుచుకునేవాడు.

లక్ష్మి ఫోను ముట్టుకోలేదు. చాట ఒళ్లోంచి జారి తంబాకు నేల పాలైంది. ఎప్పుడైనా అయితే తిట్టేదాన్ని. ఎంతసేపు చూశామో చెప్పలేను. మెడ అయింది, రొమ్ము అయింది. కాళ్ల దగ్గర రెండు వరసలు మిగిలాయి.

అప్పుడు నేను పిలిచాను. పిలవాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. "అంబాదాసూ!"

గడి ఆగింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత లేదు.

ఆ రెండు వరసలూ కింద మిగిలిన బట్టను బట్టి శ్రీనివాస్ పూర్తిచేశాడు. శనివారం డిజైన్ చూపించాడు. పని దొరికింది. భంగార్‌వాడికి రావద్దని చెప్పాడు. ఆ రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

నేను ఊరికే నమ్మే దాన్ని కాదు. అంబాదాస్ ఫోను ట్రంకుపెట్టె అడుగున, నేను ముడి వేసిన సంచిలోనే ఉంది. బ్యాటరీ ఉబ్బి ఎప్పుడో చచ్చిన ఫోను అది. వాడి పాస్‌వర్డ్ లక్ష్మికి గానీ శ్రీనివాస్‌కు గానీ తెలియదు. షీట్‌లో ఎవరు ఏ గడి ఎప్పుడు నింపారో పాత లెక్క ఉంటుంది. శ్రీనివాస్ అది తెరిచి చూపించాడు. ముప్పై ఎనిమిది వరసల పక్కన వాడి అన్న పేరే ఉంది. కంప్యూటర్ పని తెలిసిన ఒకాయనను అడిగితే, అంబాదాస్ ఖాతా ఇంకెక్కడైనా తెరిచి ఉండి ఉంటుందన్నాడు. ఉండవచ్చు. కానీ ఆ తెరిచినవాళ్లకు నేను కోసేసిన ముక్కలో ఏముందో ఎలా తెలిసింది?

నెల తర్వాత ఇంట్లో ఉన్న పాత మసిగుడ్డలన్నీ కుట్లు విప్పాను. ఒకదానిలో మందం కోసం పెట్టిన పొర దొరికింది. నాలుగు వేళ్ల వెడల్పు. నెమలి మెడ. లక్ష్మి దాన్ని షీట్ పక్కన పెట్టి పోగు పోగూ సరిచూసింది. అన్నీ ఒకటే. ఒక్క గడి తప్ప. బట్టలో మెడ వెనక ఎర్ర పోగు ఉంది. షీట్‌లో ఆ చోట నీలమే ఉంది.

ఎర్ర గడి వాడు ఎప్పుడూ చివరే పెట్టేవాడు. చివరిదాకా నేను ఉండనివ్వలేదు.

"ఇప్పుడు జాగ తెలిసింది గదా అత్తమ్మా, ఎర్ర గడి పెట్టేస్త" అంది లక్ష్మి. వద్దన్నాను. షీట్‌లోంచి అన్న పేరు తీసేద్దామా అని శ్రీనివాస్ అడిగితే, అదీ వద్దన్నాను. ఖాళీ గదిలో లైటు వెలుగుతుంటే ఊరుకోని మనిషిని నేను, ఆ పేరును మాత్రం ఆర్పనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ రెండు గంటలకు లక్ష్మి చేత షీట్ తెరిపించి, ఫోను తంబాకు డబ్బాకు ఆనించి పెట్టుకుంటాను. బీడీలు చుడుతూ మెడ వెనక ఆ నీలం గడినే చూస్తుంటాను. ఈసారి ఆకుపచ్చ గడి వస్తే నోరెత్తను.