మా బావ జర్మనీ దుర్భిణి

ఇంటికొచ్చిన చుట్టాలు బల్లమీదున్న నా కళ్ళద్దాలు తీసి పెట్టుకొని చూడటం నాకు సరిపడదు. అడగరు. ముక్కుమీద పెట్టుకొని, గోడమీది క్యాలెండరు వైపు తలెత్తి, "ఏం గనవడ్తలేదు గదా, గియ్యేం అద్దాలు?" అంటారు. నేను అంగట్లో మోసపోయానని వాళ్ల తీర్పు. నా చేతికి తిరిగొచ్చేసరికి ఒక కమ్మీ కాస్త వంగి ఉంటుంది. ఇదేమంత పెద్ద బాధ కాదు. ఇంతకంటే పెద్ద బాధలు లోకంలో ఉన్నాయని పేపర్లో రోజూ వస్తూనే ఉంటుంది.

అసలు ఎదుటివాడి చూపు గురించి నవ్వేవాళ్లంటే నాకు మొదటినుంచీ కొంచెం పట్టింపు. దానికి కారణం మా బావ.

అరవైల్లో మాట. మాది బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ పారే ఊరు. కాలువకు రెండు దిక్కులా చెరుకే. ఆ చెరుకులో అడవిపందులు కాపురముండేవి. అవి తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. ఫ్యాక్టరీకి నరకడం మొదలుపెట్టి మడి తర్వాత మడి ఖాళీ చేస్తూ వస్తుంటే, పందులు నిలిచున్న చెరుకులోకి జరిగి జరిగి చివరికి అన్నీ ఆఖరి మడిలో చేరేవి. ఆ మడి నరికే రోజు పొద్దున్నే ఊళ్లో తుపాకీ లైసెన్సున్నవాళ్లు కాలువ గట్టుమీద వరసగా నిలబడేవారు. అవతలి దిక్కునుంచి డప్పులు, రేకు డబ్బాలు మోగేవి. చెరుకు మేసే పందిని కొడితే అప్పట్లో అడిగేవాళ్లు లేరు.

దీనికొక రివాజు ఉండేది. మొదట బయటపడ్డ పందిమీద మొదటి తూటా తుపాకోళ్లలో పెద్దమనిషిది. ఆయన కొట్టేదాకా మిగతావాళ్లు వేలు కదపరు. మొదటి పంది ఎవరి తూటాకు పడితే దాని తలకాయ డప్పుతో వాళ్లింటికి పోతుంది. మిగిలిన మాంసం కుప్పలు పెట్టి ఊరికి పంచుతారు. ఆ మొదటి జాగా ఎన్నో ఏళ్లనుంచి మా బాపుది. మా ఇంటికి ప్రత్యేకంగా వేరే గౌరవాలేమీ లేవు కాబట్టి, ఉన్న ఈ ఒక్కదాన్ని నేను కాస్త లెక్కలోకి తీసుకునేవాణ్ణి.

ఒక ఏడు బాపు గురి తప్పింది. పంది ఆయన ముందునుంచే, తొందరేమీ లేనట్టు, నడిచిపోయింది. పక్కనున్న మా బావ దాన్ని ఒక్క దెబ్బతో పడేశాడు. బావంటే మా అక్క మొగుడు. కాలువకు అవతల ఇల్లు. ఆ ఏడే ఆయన తుపాకీమీదికి జర్మనీ దుర్భిణి వచ్చింది. హైదరాబాదులో ఒక నవాబుగారింట్లో సామాన్లమ్ముతుంటే తెచ్చుకున్నాడు. దాంట్లోంచి చూస్తే తూముమీద పాకే చీమకు మీసాలున్నదీ లేనిదీ తెలుస్తుందని చెప్పేవాడు. తెలుసుకొని ఏం చేస్తాడో చెప్పేవాడు కాదు.

మాంసం కుప్పలు పెడుతున్నప్పుడు, ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా, బావ మీసం మీద చెయ్యేసి అన్నాడు:

"మామా, ఇగ నువ్వు కుప్పలు వెట్టు, తూటాలు నేను వెడ్త. కుప్పలు వెట్టెతందుకు దగ్గరి సూపు సాలు."

ఊరు నవ్వింది. బాపు కూడా నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచి, కూర్చొని కుప్పలు పెట్టాడు. నేను నవ్వలేదు. నా నవ్వు ఆ రోజు ఇంట్లో మరిచి వచ్చినట్టున్నాను. తలకాయ డప్పుతో బావ ఇంటికి పోయింది. సాయంత్రం అక్క ఒక గిన్నెడు కూర మాకు పంపింది. కూర బాగుంది. అందువల్ల నా అభిప్రాయం మారలేదు.

మర్నాటినుంచి బావమీద పగబట్టానంటే అబద్ధం. అదే రోజు సాయంత్రం నుంచి పట్టాను.

నేను హైదరాబాదులో బీఎస్సీ చదివి, ఉద్యోగం వచ్చేదాకా అని ఊళ్లో ఉంటున్నాను. ఆ 'దాకా' కొంచెం సాగింది. చేతిలో సమయముంది, తలలో కటకాల పాఠం ఉంది, లోపల బావ ఉన్నాడు. బాపు తుపాకీ లైసెన్సులో ఆయన పేరు కింద నా పేరు కూడా ఉండేది. ఆయన కళ్లకు సాయంగా ఒక దుర్భిణి బిగించి, ఆ మొదటి జాగా మళ్లీ ఆయనకు ఇప్పించాలి. వీలైతే బావ చూస్తుండగా ఇప్పించాలి. ఈ రెండో సగం లేకపోతే మొదటి సగానికి అంత కష్టపడేవాణ్ణో లేదో చెప్పలేను.

మొదటిది నిజామాబాద్ బజారులో దొరికింది. కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. మీద చెక్కిన కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. ఎక్కువివ్వడం మంచి గుణమే కదా అని తెచ్చాను. ఒక పాత తడికకు బొట్టంత గుర్తు పెట్టి, వెనక మట్టిగట్టు చూసుకొని కొట్టాను. మొదటి రెండు తూటాలు పరవాలేదు. మూడోదానికి లోపలి గురిగీతలు కదిలాయి. నాలుగోదానికి, పొద్దున ప్లస్ గుర్తులా ఉన్నది, ఇంటూ గుర్తయి కూర్చుంది. లెక్కల్లో దానికి విలువ పెరిగి ఉండవచ్చు. వేటలో పెరగలేదు. దాన్ని మా అవ్వకు, అంటే అమ్మకు, ఇచ్చాను. ఆమె దాంతో కొన్నాళ్లు చింతపండు దంచింది.

రెండోది నిజామాబాద్‌లోనే, నౌకరీ దిగిపోయిన ఒక తహసీల్దారు దగ్గరుంది. ఆయన వేట మానేశాడు, మానిపించింది భార్య. ఇంగ్లీషువాళ్లనాటి సరుకు. గొట్టం మీద సొట్ట, ముందరి అద్దం మీద పిల్లి గీరినట్టు గీతలు. దూరాన్ని రెండున్నర రెట్లు మాత్రమే దగ్గరికి తెస్తుంది, అదీ ఇష్టం లేనట్టు. సన్నగీతలకు బదులు కిందినుంచి లేచిన ఒక లావు మొన.

"అందంగ సూపియ్యదు బాబూ," అన్నాడాయన, "మా ఆడిమనిషి లెక్క. ఉన్న జాగలకెల్లి కదలది గూడ."

లోపలినుంచి గిన్నె ఏదో గట్టిగా పెట్టిన చప్పుడైంది. బస్తాడు పసుపు కొమ్ములిచ్చి దుర్భిణి తెచ్చుకున్నాను.

దానికి పెట్టిన పరీక్ష నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. తుపాకీకి బిగించి, గోనెసంచి చుట్టి, చెరుకు బండిమీద వేసుకొని బోధన్ దాకా పోయి వచ్చాను. ఆ రోజుల్లో ఆ బాట మీద బండి ప్రయాణం చేసిన మనిషి దిగాక తన అవయవాలు ఎక్కడివక్కడ ఉన్నాయా అని తడిమి చూసుకునేవాడు. తిరిగొచ్చి అదే గుర్తుకు కొట్టాను. వేలెడు తేడా లేదు. మళ్లీ పోయొచ్చాను. నాకు నడుం పట్టింది. దుర్భిణికి ఏమీ కాలేదు.

ఇక మిగిలింది జర్మనీది. దాన్ని చూడటమెలా అని ఆలోచిస్తున్న రోజుల్లో, వానలు పడుతుండగా, బావే పట్టుకొచ్చాడు.

"బామ్మర్దీ, నువ్వు ఫిజిక్సు సదివినవ్ గదా. దీని అద్దాలు జర తుడ్వు. నేను తుడిస్తే గీతలువడ్తయని బుగులైతుంది."

"గింత కిమ్మతి సామాను నా చేతిల పెడ్తున్నవా బావా?"

"నువ్వు చెడగొట్టెటంత పనెప్పుడు చేసినవ్ తియ్యి."

రెండు రోజులు నా దగ్గరుంది. పగబట్టినవాడికి కూడా ఒక న్యాయం ఉండాలి: అంత మంచి అద్దాలు నేను మళ్లీ చూడలేదు. పొద్దు గుంకాక, కాలువ గట్టుమీది మైలురాయి అక్షరాలు మామూలు కంటికి మాయమయ్యాయి, ఇంగ్లీషుదాంట్లో మసకబారాయి, జర్మనీదాంట్లో మాత్రం ఇళ్లల్లో దీపాలు పెట్టినాక కూడా చదవొచ్చు. నాకు బాగా దిగులేసింది.

రెండో రోజు దాన్ని గోరువెచ్చని నీళ్ల బకెట్లో ముంచాను. లోపలి గాలి వేడికి ఉబ్బుతుంది. బిగింపులు గట్టిగా ఉంటే బయటికి రాదు. ఇంగ్లీషుది అప్పటికే ముంచి చూశాను, బకెట్లో రాయిలా ఉండిపోయింది. జర్మనీది కంటి వైపు కొసనుంచి చిన్న బుడగ వదిలింది. వెంటనే పైకి తీశాను. నవాబుగారింట్లో ఎన్నేళ్లు పడుందో, బిగింపు ఎండిపోయినట్టుంది. బుడగ బయటికి రాగలిగిన దారిలో ఆవిరి లోపలికి పోగలదు. లోపల పట్టిన మంచును ఏ గుడ్డా తుడవలేదు.

ఆ ఒక్క బుడగ చూసి నాకు కలిగిన సంతోషం, డిగ్రీ ఫస్టుక్లాసులో పాసైనప్పుడు కలగలేదు. (ఫస్టుక్లాసు రాలేదు, అది వేరే సంగతి.)

బాగా తుడిచి, బావకిచ్చాను. "ఎట్లున్నదిరా?" అన్నాడు.

"అద్దాలకు పేరు వెట్టెటట్టు లేదు బావా."

అద్దాల గురించే అడిగాడని నేను అర్థం చేసుకున్నాను.

ఇంగ్లీషుదాన్ని బాపు తుపాకీకి బిగిస్తే ఆయన తిప్పి తిప్పి చూశాడు. "ఏందిరా గిది? తుపాకిమీద సైకిల్ పంపు వెట్టినవ్?" అన్నాడు. ఐనా నా మాట కాదనలేక కాలువ గట్టున రెండుసార్లు కొట్టి చూశాడు. తగిలింది. "సరే తియ్యి," అన్నాడు. అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం మా ఇంట్లో లేదు.

ఆ ఏడు ఆఖరి మడి పుష్యమాసంలో వచ్చింది. కాలువమీద పొగలా మంచు, గడ్డి కొనల మీద నీళ్లు. పోయినేడు పందిని పడేసినందుకు మొదటి జాగా ఇప్పుడు బావది. "మామ నా పక్కపొంటి నిలవడ్తడు," అని ఆయనే తీర్పిచ్చాడు, "తప్పిచ్చుకపోయిన పందులకు సలాం కొడ్తడు." మళ్లీ కొందరు నవ్వారు. వాళ్ల మొహాలు నేను ఒకటొకటిగా చూసి పెట్టుకున్నాను.

మడి పక్కనే బెల్లం గానుగ నడుస్తోంది. పెద్ద పెనంలో చెరుకు రసం మరుగుతూ, ఆవిరి కొట్టపు కప్పుదాకా లేస్తోంది. తెల్లవారుతుండగానే నేను బావను ఆ పొయ్యి దగ్గరికి పిలిచాను.

"బావా, సలి మస్తున్నది. గిట్ల పొయ్యికాడ కూసో. డప్పులోళ్లు వచ్చేసరికి ఇంక టైముంది."

"నీకింత ప్రేమ ఎప్పటికెల్లి పుట్టిందిరా?"

"పోయినేడు నుంచి."

ఆయన పెనం పక్కన పీట వేసుకొని, తుపాకీ ఒళ్లో పెట్టుకొని, చాయ్ తాగాడు. ఇంకో చాయ్ పోయించాను. వేడి బెల్లం నాకమని ఇచ్చాను. మా అక్క పెళ్లిలో కూడా ఆయనకు అంత మర్యాద జరగలేదు. ఆవిరి ఆయన మీసాలమీద, తుపాకీమీద, దుర్భిణిమీద తీరికగా వాలింది.

బాపును మాత్రం నేను చీకటితోనే గట్టుమీద నిలబెట్టాను. అద్దం బయటి చలికి సమానంగా చల్లబడాలి, లేకపోతే దానికీ మసక పడుతుంది. లైసెన్సులో పేరున్న ఇద్దరిలో నేను బావ మర్యాదల్లో ఉన్నాను కాబట్టి తుపాకీతోపాటు ఆయన కూడా చల్లబడ్డాడు.

"అరే, ఒక్క గుటక చాయ్ తాగొస్తరా," అన్నాడు, దుప్పటి తలమీదికి లాక్కుంటూ.

"వద్దు బాపూ. పొయ్యికాడికి పోతే అద్దం ఖరాబైతది."

"అద్దం కాదురా, నా మోకాళ్లు ఖరాబైతున్నయ్."

"ఇంక జరసేపే."

డప్పులు మొదలయ్యాయి. బావ పరుగున వచ్చి మొదటి జాగాలో నిలబడి తుపాకీ ఎత్తాడు. దించాడు. తువ్వాలతో అద్దం తుడిచాడు. ఎత్తాడు. దించి, నోటితో ఊది, ధోవతి కొసతో తుడిచాడు. మసక లోపలుంది. బయట ఎంత తుడిస్తే అంత బాగా కనబడుతోంది, లోపలి మసక.

చెరుకు ఊగింది. మోకాలెత్తు మగపంది బయటికొచ్చి, గట్టు కింద ఆగి, మమ్మల్ని చూసింది. దానికి అందరూ కనబడుతున్నట్టే ఉన్నారు.

"కొట్టు బావా," అన్నాను మెల్లగా.

"ఏం గొట్టాల్రా, అంతా తెల్లగుంది!"

"మీసాలు గనవడ్తలేవా?"

ఆయన గుడ్డిగా గురిపెట్టి కొట్టాడనే అనాలి. గట్టు కింద బురద లేచింది. మొదటి తూటా అయిపోయింది. ఇక ఎవరైనా కొట్టవచ్చు. పంది అడ్డంగా మళ్లింది. బాపు దుప్పటి జారవిడిచి, ఆ లావు మొన దాని భుజంమీద పెట్టి, కొట్టాడు. అది ముందుకాళ్లమీద కూలబడి మళ్లీ లేవలేదు.

ఏడాదిపాటు మనసులో నూరి పెట్టుకున్న మాట ఒకటుంది. మాంసం దగ్గర ఊరంతా చేరేదాకా ఆగాను. ఆగడం కష్టమే, కాని తొందరపడితే రుచి పోతుంది.

"బావా," అన్నాను, "కుప్పలు నువ్వు వెడ్తవా?"

పోయినేడు నవ్వినవాళ్లే ఈసారీ నవ్వారు. నవ్వు విషయంలో మా ఊరికి పక్షపాతం లేదు. బావ తువ్వాల భుజాన వేసుకొని, కూర్చొని, కుప్పలు పెట్టాడు. కుప్పలన్నీ సమంగా వచ్చాయి. అది కూడా నాకు కొంచెం నచ్చలేదు.

తలకాయ డప్పుతో మా ఇంటికి వచ్చింది. నేను డప్పు ముందు నడిచాను. నిజానికి అవసరానికంటే కాస్త నెమ్మదిగా నడిచాను. కాలువ అవతలినుంచి చూసేవాళ్లకు కూడా కనబడాలి కదా. తలకాయను అరుగుమీద పెట్టించి, డప్పులోళ్లకు బెల్లం ముక్కలిచ్చి పంపి, లోపలికి పోయాను.

బాపు పొయ్యి ముందర కూర్చొని ఉన్నాడు. రెండు మోకాళ్లకు అవ్వ వేడి ఇసుక మూట పెడుతోంది. నన్ను చూసి ఆయన ఏదన్నా అంటాడని నిలబడ్డాను. ఎంత చిన్నదైనా సరే, ఒక మాట. "సరే తియ్యి" అన్నా చాలు.

"తలకాయ అక్కోళ్లింటికి పంపు. ఆడ తినెటోళ్లున్నరు," అన్నాడు బాపు. ఇసుక మూట ఇంకో మోకాలి మీదికి జరుపుకొని నావైపు చూశాడు. "బావమీద కోపమేమో నీదాయె. మరి సలిల నన్నెందుకు నిలవెట్టినవ్‌రా?"