బాపు అంజీర్ చెట్టు, నా ఖాకీ వేషం

సినిమా చూసి ఏడ్చినవాళ్లుంటారు, నిద్రపోయినవాళ్లుంటారు. సినిమా చూస్తూ కన్నతండ్రికి, అదే మా బాపుకు, అడ్డంగా దొరికిపోయినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే అయ్యుంటాను. చెబుతాను, నవ్వుకోండి.

చార్మినార్‌కు కాస్త దూరంలో, ఉప్పుగూడలో మా వాకిట్లో ఒక అంజీర్ చెట్టు ఉండేది. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణం నడిపే మా బాపుకు నాకంటే అదంటేనే ప్రాణం. రంజాన్‌లో పండ్లు కాస్తే పక్కింటి సలీం భాయ్ ఇఫ్తార్‌కే పోవాలి, నేను ముట్టుకుంటే లొల్లి.

కొన్నేళ్ల కిందట బాపు బీదర్‌లో పెళ్లికి వెళ్లాడు. అదే అదనుగా సినిమావాళ్లు దిగారు. వాళ్ల కథలో ఇన్‌స్పెక్టర్ చిన్నప్పటి రహస్యం ఒకటి మా చెట్టు కింద పాతిపెట్టి ఉంటుందట, దాన్ని తవ్వాలట. "కానిస్టేబుల్ వేషం ఇస్త తమ్మీ" అన్నాడు డైరెక్టర్. ఖాకీ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాక నాకింక మతి ఎక్కడిది? తవ్వుకోమన్నాను. బుల్లి జేసీబీ వచ్చింది, చెట్టు పోయింది.

"చెదలు పట్టింది బాపూ, కొట్టేయించిన" అన్నాను ఆయన రాగానే. మా వాకిట్లో షూటింగ్ జరిగిన మాట ఎత్తొద్దని గల్లీలో అందరినీ ముందే బతిమాలుకున్నాను.

బాపు ఆ గుంత పక్కన కూలబడ్డాడు. "ఎరువు నేనే ఎక్కువేసిన బిడ్డా. నా చేతులతోనే సంపుకున్న" అంటూ అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను పార తెచ్చి ఆ గుంత పూడ్చేశాను.

సినిమా విడుదలైంది. ముందుజాగ్రత్తగా డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. "చెట్టు సీన్ ఎడిటింగ్‌ల లేపేసినం. నీ షాట్ మస్తుగొచ్చింది" అన్నాడు. ఇంకేం, బాపునే కాదు, గల్లీ మొత్తాన్నీ థియేటర్‌కు తోలుకుపోయాను. నా అంత తెలివైనవాణ్ని మీరెక్కడైనా చూశారా?

సినిమానా అది! ఎవరి చిన్నతనం ఎవరిదో తెలియదు, ఎవరు ఎవరిని ఎందుకు చంపారో తెలియదు. సలీం భాయ్ గురక పెట్టాడు. ఇంతలో తెరమీద మా గల్లీ కనబడింది. మావాళ్లు ఊరుకుంటారా?

"అగో, మన నీళ్ల నల్లా!"

"అరే, గది మా మేక!"

"ఏందిరా, గది మనిల్లే గదా?" అన్నాడు బాపు మురిసిపోతూ. మరుక్షణం జేసీబీ అంజీర్ చెట్టును వేళ్లతో సహా లేపింది. లేపేశామని డైరెక్టర్ చెప్పిన సీనే అది, పక్కనే ఖాకీలో సెల్యూట్ కొడుతూ నేను. గుంతలోంచి వచ్చిన ఆ మహా రహస్యం ఒక తుప్పు పట్టిన టిఫిన్ డబ్బా.

హాల్లో ఒక్కడూ ఉలిక్కిపడలేదు, మా బాపు తప్ప. సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"గది నా చెట్టు! పచ్చగుంది గదరా!"

నేను ఆయన చొక్కా పట్టి కిందికి లాగాను. "గది గ్రాఫిక్స్ బాపూ..."

నిద్రమత్తులో నా బతిమాలాట మరిచిన సలీం భాయ్ సాయం చేయబోయాడు. "గ్రాఫిక్స్ ఏంది మియా? జేసీబీ మా గోడ రాసుకుంటనే పోయింది గదా!"

బాపు మళ్లీ కూర్చుని సినిమా చివరిదాకా చూశాడు. దానికంటే నాలుగు తన్నినా బాగుండేది. బయట ఎవరో బాపు ముందు మైకు పెట్టి "సినిమా ఎట్లుంది పెద్దాయనా?" అని అడిగారు.

"సినిమాల మనుషుల్ని సంపినోడెవడో నాకింకా సమజ్ కాలే. నా చెట్టును సంపినోడు మాత్రం నా పక్క సీట్లనే కూసొని సమోసా తిన్నడు."

అప్పుడే చార్మినార్ వైపు తిరిగి ఒట్టేసుకున్నాను. ఇకపై శవం వేషం ఇచ్చినా సరే, తవ్వేది మా ఇంట్లో కాదని తెలుసుకున్నాకే చస్తాను.