ఒక పక్కే కళ్ళున్న చేప

చిట్కుల్ మొగులయ్య పుట్టు రైతు. పాశమైలారం కంపెనీలకు పొలం పోయాక, ఆ భూమిలోనే లేచిన చేపల కోల్డ్ స్టోరేజీలో అతనికి నౌకరీ ఇచ్చారు. ఇల్లు గడవడానికి ఆ నౌకరీ తప్ప ఇంకో దిక్కు లేదు. దొంగతనం చేసినవాణ్ణి మాత్రం ఆ రోజే తీసేస్తారు.

అక్కడికి విదేశాల నుంచి ఒక వింత చేప వచ్చేది. మంచు సముద్రం అడుగున, ఇసుకలో ఒక పక్కకు పడుకుని బతికే బల్లపరుపు చేప. పిల్లప్పుడు అన్ని చేపల్లాగే చెరో వైపు కన్ను. ఎదిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా జరిగి రెండోదాని పక్కకు చేరుతుంది. సూపర్‌వైజర్ చలపతిరావుకు ఇదంతా చెప్పడం సరదా. "నువ్వూ అదే జాతిరా మొగులయ్యా, చలిలో పడుండు!" అని నవ్వేవాడు.

మృగశిర కార్తె వచ్చింది. ఆనాడు చేప ముక్క నోట్లో పెట్టని ఇల్లు ఈ వైపు ఉండదు. ఊరి చెరువులో చూస్తే, కంపెనీల పాడునీళ్ళకు వంకర వెన్నుల, మెల్లకళ్ళ చేపలు తేలుతున్నాయి. ఆయాసంతో మంచం పట్టిన తల్లి నర్సింహమ్మ, "ఒక్క ముక్క పెట్టు కొడకా, మల్ల కార్తెకు ఉంటనో లేదో," అంది.

మొగులయ్య కోల్డ్ స్టోరేజీలోంచి విస్తరాకంత, గడ్డకట్టిన బల్లపరుపు చేపను తీసి, చొక్కా లోపల పొట్టకు తువాలుతో బిగించుకున్నాడు. గేటు దగ్గర వరుసలో ఆ మంచు చర్మాన్ని కాలుస్తుంటే పళ్ళు బిగపట్టాడు. ఎవరూ పట్టుకోలేదు. ఇంటికొచ్చి చేపను తట్టలో పడేసి, మంట ఓర్వలేక నీళ్ళు పోసుకోవడానికి దొడ్లోకి పరిగెత్తాడు. దొంగసొత్తంటే భార్య కౌసల్యమ్మ వండదని, అది ఎక్కడిదో చెప్పలేదు. అదే కొంప ముంచింది!

వచ్చేసరికి తట్ట ఖాళీ.

"చేపేదే?"

"ఏం చేపయ్యా గది? రెండు కండ్లూ ఒక్క దిక్కే! చెరువుది గాక ఇంకేంది? అత్తకు పెట్టి సంపుతవా? మురికి మోరీల పారేసిన."

"నీ నోట్ల మన్నువడ! దాని పుట్టుకే గట్లుంటదే!"

అప్పటికే కుక్క దాన్ని ఈడ్చుకుపోయింది. లోపల్నుంచి నర్సింహమ్మ, "కూర ఉడికిందా కోడలా?" అని అడుగుతూనే ఉంది.

మర్నాడు బొబ్బలు చితికి చొక్కా పొట్టకు అంటుకుపోయింది. గేటు దగ్గర చలపతిరావు అనుమానంగా చొక్కా లాగాడు. తోలు ఊడి, చేప ఆకారం తోక దాకా కనిపించింది.

"రుచి ఎలా ఉందిరా?"

"తిన్లే సారూ," అన్నాడు మొగులయ్య.

వరుసలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. కాపలావాడు రెక్క పట్టి అతన్ని బయటికి నెట్టాడు. అతను వెళ్ళి పడ్డది ఒకప్పటి తన పొలం గట్టు మీదే.