పెద్ద బూర బాబాయి ఊపిరి

నా చిన్నప్పుడు బరంపురంలో మా తాతయ్యకు బ్యాండు మేళం ఉండేది. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకూ ఒడియావాళ్ళ పెళ్ళిళ్ళకూ అదే మేళం. అందులో ఎవరికీ స్వరాలు కాగితం మీద చదవడం రాదు, అన్నీ విని పట్టినవే. బడిలో బ్యాండు టీచరు దగ్గర ఆ చదువు నేర్చుకున్నది నేనొక్కదాన్నే. పన్నెండేళ్ళకే నా అంత పండితురాలు లేదనుకునేదాన్ని.

ఒక ఏడాది గోపాలపూర్ సముద్రపొడ్డున జరిగే సభకు మేళాన్ని పిలిచారు. సినిమా పాటలు వద్దు, బ్యాండు కోసమే రాసిన కొత్త సంగీతం కావాలన్నారు. టీచరు కాగితాలిచ్చారు. అది మేళానికి నేర్పే పనీ, ముందు నిలబడి చేత్తో నడిపించే పనీ తాతయ్య నాకే అప్పగించాడు. ఇక నన్ను పట్టడం ఎవరి తరం!

చిక్కల్లా పెద్ద బూర ఊదే బాబాయి దగ్గర వచ్చింది. తాతయ్య దగ్గరే పెరిగి, ఆ మేళంలోనే ముసలివాడైన మనిషి. పాట నెమ్మదిగా సాగే చోట ఆయన స్వరం ప్రతిసారీ మధ్యలో తెగిపోయేది. చేత్తో నడిపించడమంటే నాకు తెలిసింది భజన తాళమే. తొడ మీద చరిచినట్టు చెయ్యి కిందికి కొట్టుకుంటూ పోయేదాన్ని, ఎవరికీ ఆగే సందు లేకుండా. మూడో రోజు అందరి ముందూ, "బాబాయిని తీసీ తాతా, అక్కడ మన పరువు పోతాది" అనేశాను. బాబాయి బూర ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆ మేళం తప్ప ఆయనకు వేరే బతుకు లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తాతయ్య కోప్పడలేదు. "అలాగే తీసేద్దాం. ముందు నువ్వు ఊపిరి బిగబట్టి సెయ్యాడించమ్మా. ఆ నెమ్మది ముక్క అయ్యేదాకా వదలకపోతే నీ మాటే సెల్తాది" అన్నాడు. మేళం ఊదడం మొదలుపెట్టింది. సగానికే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి, చెయ్యి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఊపిరెక్కడ కావాలో ఆడినే అడుగు" అన్నాడు తాతయ్య. కాగితం పట్టుకుని బాబాయి ముందు కూర్చుని ఆ ముక్క పాడాను. ఒకచోట వేలెత్తి ఆపాడు. "ఇక్కడ కూసింత సోటిస్తే సాలమ్మా" అన్నాడు. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

గోపాలపూర్‌లో కాగితాలు గాలికి ఎగరకుండా బట్టల క్లిప్పులు పెట్టుకుని నిలబడ్డాను. ఆ చోటు రాగానే బాబాయి వైపు తిరిగి, చెయ్యెత్తుతూ నేనూ ఊపిరి తీశాను. ఆయన స్వరం చివరిదాకా నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది.

తర్వాత ఆ సంగీతమే చదువుకుని బళ్ళలో బ్యాండ్లు నడిపాను, ఇప్పటికీ నేర్పుతున్నాను. కొత్త కాగితాలు చేతికొస్తే ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఎవరికెక్కడ ఊపిరి కావాలో అడుగుతాను. చెయ్యెత్తేటప్పుడు నేను గట్టిగా ఊపిరి తీస్తే, మేడమ్‌కి ఆయాసమని వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వనీ. తప్పయిందని బాబాయితో నోరు తెరిచి చెప్పలేకపోయాను, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చెయ్యెత్తిన ప్రతిసారీ ముందుగా ఆయనకే చోటిస్తున్నాననిపిస్తుంది.