దండం పెట్టించుకున్న విల్లు

ఏళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరిగాను. అన్నం తింటున్నా అడ్డం పడేది. ఈ వేసవిలో దాన్ని మా అన్న ముందు బయటపెట్టాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మొహమాటం తక్కువ.

మాది భద్రాచలం అవతల అడవి అంచున ఒక గూడెం. ఉద్యోగం కోసం ఖమ్మం వచ్చి, ఖానాపురం హవేలిలో ఇల్లు కట్టుకున్నాను. నాకు విల్లుల పిచ్చి. గూడేల్లో అటకల మీద పడేసినవి, పొయ్యిలోకి పోబోతున్నవి అడిగి తెచ్చుకుంటాను. వేపనూనె రాసి, ఎండ తగలని గోడకు కొయ్య కొక్కాల మీద పడుకోబెడతాను. ఆఫీసులో అందరూ చీరల గురించి మాట్లాడుకుంటుంటే నేను వెదురుకు పట్టే పురుగు గురించి మాట్లాడతాను.

మా తాత చేసిన విల్లు మాత్రం నాది కాదు. అది మా అన్నది. విత్తనాల పండగనాడు మా గూడెంలో మొదటి బాణం దానితోనే వేస్తారు. ఇప్పుడు వేట లేదు, బూరుగు మొద్దుకే వేస్తారు. బాణం గట్టిగా దిగితే ఆ ఏడు విత్తనం గట్టిగా మొలుస్తుందని మావాళ్ల నమ్మకం. వేసే ముందు అన్న ఆ విల్లుకు దండం పెడతాడు. గోదావరి పొంగితే అతని ఇంట్లోకి నీళ్లొస్తాయి. అందుకని పండగ అయిపోగానే విల్లు తెచ్చి నా దగ్గర దాచేవాడు. నన్ను నమ్మి.

మా వీధి చివర ఇంట్లో దొంగలు పడ్డాక, విల్లులన్నిటికీ ఇన్సూరెన్స్ చేయించాలని నాకు బుద్ధి పుట్టింది. ఏజెంట్ ఫోటోలు అడిగాడు. నారి విప్పిన విల్లు ఫోటోలో ఉత్త కర్ర. కర్రలకు ఇన్సూరెన్స్ ఏమిటని తమ ఆఫీసులో నవ్వుతారన్నాడు. అందుకని అన్నిటికీ నారి ఎక్కించాను. తాత విల్లుకు కూడా. పై అధికారి వచ్చి చూసేదాకా అలాగే ఉంచమన్నాడు. ఉంచాను.

వెదురు విల్లు పని లేనప్పుడు నారి విప్పి ఉండాలి. వంచి ఉంచితే అలసిపోతుంది, పొడి గాలికి పీచు తెగుతుంది. మా గూడెంలో చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. నాకు తెలియదా? తెలుసు. కానీ గోడ నిండా వంగి ఉన్న విల్లులను చూసి ఇంటికొచ్చినవాళ్లు నోరెళ్లబెడుతుంటే, ఆ మెప్పు రుచి మరిగి, అధికారి వచ్చి వెళ్లాక కూడా విప్పలేదు. అసలు తప్పు అదే. చలికాలం పోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం తాత విల్లు టప్పుమని నడిమికి విరిగింది.

పాలసీ దొంగతనానికి, నిప్పుకు, వరదకు. ఇంటావిడ గొప్పలకు కాదు. కంపెనీకి నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. దాన్ని అన్న కోసం దాచుకున్నాను.

చిన్నప్పుడు తాత విల్లు చెక్కుతుంటే రెండో కొస నేనే పట్టుకునేదాన్ని. మగపిల్లలు బాణాలు వేయడానికి పరుగెత్తేవాళ్లు, నేను చెక్కడం చూస్తూ కూర్చునేదాన్ని. ఆ చూసిందంతా అప్పుడు పనికొచ్చింది. ముదురు వెదురు తెచ్చాను. ఆరబెట్టాను, చెక్కాను, సెగ చూపించాను, వంచి చూసి పారేశాను, మళ్లీ చెక్కాను. చేతులు బొబ్బలెక్కాయి. చివరికి కుదిరినదాన్ని మేడ మీద కట్టెల పొగలో నల్లబరిచి నూనె పట్టించాను. పండగకు ముందు అన్న వచ్చి తీసుకుపోయాడు. అనుమానం రాలేదు. ఆ ఏడు బాణం మొద్దులో ఎంత లోతుకు దిగిందంటే, పీకలేక నానా తంటాలు పడ్డారు.

అప్పటి నుంచి ప్రతి పండగకూ నాకు రెండు బాధలు. అన్న మోసపోయి దండం పెడుతున్నాడని ఒకటి. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అందరూ తాత చెయ్యి, తాత చెయ్యి అని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండేది. తప్పు చేసినదానికి పేరు కూడా కావాలా? కావాలి. ఈ రెండింటిలో ఏది నన్ను ఎక్కువ కాల్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఈ ఏడు బాణం దిగాక అన్న నవ్వుతూ నా వైపు తిరిగాడు.

"చూసినవా చెల్లె, తాత చెయ్యి. ఇన్నేండ్లయినా గట్లనే ఉంది."

"అది తాత చెయ్యి కాదన్నా. నాది."

"ఏంది?"

"తాత విల్లు నా ఇంట్ల ఇరిగింది. గొప్పకు పోయి నారి ఇప్పకుండ పెట్టిన. ఇది నేను చేసింది."

ఇన్నేళ్లూ దాచిన విరిగిన ముక్కలు సంచిలో నుంచి తీసి అతని చేతుల్లో పెట్టాను. అన్న వాటిని తడిమి చూశాడు.

"ఇన్నేండ్లు నాతోని నీ కర్రకు దండం పెట్టించినవ్," అన్నాడు.

"అవ్," అన్నాను.

ముక్కలను చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. నేను చేసిన విల్లును నేల మీదే వదిలేశాడు. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. అది న్యాయమే. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

కానీ ఆ రోజు నేను తల దించుకుని బస్సెక్కలేదు. అందరూ చూస్తుండగా విల్లును చేతిలోకి తీసుకున్నాను. ఆ మొద్దుకు ఆడమనిషి బాణం వేయడం మా గూడెంలో ఎవరూ చూసి ఉండరు. వేశాను. అన్న బాణం పక్కనే దిగింది. నా ఒళ్లంతా తేలికైంది, ఆ సంతోషాన్ని దాచుకోను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. నేను మాత్రం గూడెమంతా వినేలా, "ఈ విల్లు నేను చేసిన," అని చెప్పాను.