తన పరీక్షనే నమ్మని మేడమ్

పక్కింట్లో బొప్పాయి ఆకు దంచుతున్నారు. ఆ పచ్చి చేదు వాసన మా కిటికీలోంచి లోపలికి వచ్చింది. వానాకాలంలో హనుమకొండలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు డెంగీ అంటారు, ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు, ఆ వెంటనే ఈ రసం పట్టిస్తారు. ఇది మూఢనమ్మకమని వ్యాసాలు రాశాను, సభల్లో అరిచాను. అయినా ఈ వాసనకు గుర్తొచ్చేది నా వాదనలు కాదు, సుగుణ మేడమ్.

ఒక వానాకాలం మా చెల్లెలు రమ జ్వరంతో, ఒంటినిండా కమిలిన మచ్చలతో దవాఖానలో చేరింది. ప్లేట్‌లెట్లు అడుగంటాయి. డెంగీయేనని నేనూ అనుకున్నాను. బట్టల దుకాణం నడిపే మా మేనమామ ప్లేట్‌లెట్లు ఇప్పించడానికి బజారు జనాన్ని ఆటోల్లో తెచ్చి దింపాడు. రక్తపరీక్షల విభాగానికి పెద్దయిన సుగుణ మేడమ్ వరండాలో ఆయనకు అడ్డం నిలబడింది.

“జర ఆగు అన్నా. ఇది డెంగీ లెక్క లేదు. సన్న నరాలల్ల రక్తం గడ్డకడ్తాంది. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే గడ్డలు ఇంకా పెరగొచ్చు.”

“పడిపోయినయ్ అంటిరి, ఇస్తమంటే వద్దంటిరి! ఇంతమందిని తోలుకొస్తి, ఏం జెయ్యాలె?”

“చాయ్ తాపి కూసోవెట్టు. ప్లాస్మాకు వీళ్లే అక్కరకొస్తరు.”

సూక్ష్మదర్శినిలో ఆమె చూసింది పగిలిపోయిన ఎర్రకణాలను. సన్న నాళాల్లోని గడ్డలకు తగిలి కణాలు అలా పగిలే అరుదైన జబ్బు అది. నిర్ధారణకు రక్తం హైదరాబాదు వెళ్లాలి, జవాబుకు రోజులు పడుతుంది. అంతవరకు వైద్యం ఆపితే మనిషి దక్కదు. అందుకే ఆమె, విద్యార్థులు కలిసి గంటలో జవాబు చెప్పే పరీక్ష ఒకటి ఏళ్లుగా తయారుచేస్తున్నారు. ఆ పరీక్షే చేయమని పట్టుబట్టాను.

“చేస్త తమ్ముడూ. కానీ దాని మాట మీద మందు మొదలువెట్ట, ఆప. అదే ఇంకా పరీక్ష రాస్తాంది.”

రక్తం ముందే తీసి, కొంత హైదరాబాదుకు పంపి, వైద్యుణ్ణి ఒప్పించి, రమ రక్తంలోని ద్రవం, అంటే ప్లాస్మా, తీసి దాతల ప్లాస్మా ఎక్కించడం మొదలుపెట్టించింది. మధ్యాహ్నానికి ఆమె పరీక్ష చెప్పింది: ఆ జబ్బు కాదు.

“జూసినవా? నీ టెస్టే కాదంటాంది!” అన్నాడు మామ. వైద్యుడూ తటపటాయించాడు. రమ నన్ను గుర్తుపట్టడం లేదు. మేడమ్ ముఖం పాలిపోయింది. రమ రక్తపు స్లైడును ఎవరిదో చెప్పకుండా ఇద్దరు విద్యార్థులకు, ఆ వైద్యుడికి విడివిడిగా చూపించింది. ముగ్గురూ పగిలిన కణాలే అన్నారు.

“నా టెస్టు తప్పు చెప్పుతుండొచ్చు. ప్లాస్మా ఆపొద్దు.”

ఆమెదే పొరపాటైతే? ఆ ప్రశ్నతోనే వరండాలో తిరిగాను.  కొన్ని రోజులకు హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది: అదే జబ్బు. అప్పటికే రమ నన్ను గుర్తుపట్టి, గడ్డం గీసుకోలేదేమని తిట్టింది. మామ శాలువా తెచ్చాడు. మేడమ్ దాన్ని కుర్చీ మీద పడేసి విద్యార్థులను పిలిచింది.

“పేషెంటు బతికింది, మన టెస్టు ఫెయిలైంది. ఎందుకైందో జూద్దాం పాండ్రి.”

రంగు చూసి జవాబు చెప్పే పరీక్ష అది. ఎర్రకణాలు పగిలి రమ రక్తంలో చేరిన కామెర్ల పసుపు దాన్ని తప్పుదారి పట్టించింది. వైద్యుల సమావేశంలో ఆమె మొదట చెప్పింది ఆ వైఫల్యం గురించే.

మేడమ్ ఇప్పుడు లేదు. ఆ పరీక్షను విద్యార్థులు సరిదిద్దుతున్నారు. జబ్బు తిరగబెట్టవచ్చు కనుక రమ చేతిమీద చిన్న మచ్చ కనిపించినా రక్తపరీక్షకు తీసుకెళ్తాను. మూఢనమ్మకాలను నిలదీయడం నాకు ఎప్పుడో వచ్చు. సొంత నమ్మకాన్ని బోనెక్కించడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. మొన్న ఒక సభలో నా వాదన మధ్యలో ఒకామె లేచి, “మీరు చెప్పేది తప్పు” అంది. ఒళ్లు మండింది. వేదిక దిగి వెళ్లి, మైకు ఆమె చేతికిచ్చాను.